లైకుల లెక్క

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో మన ఇళ్లలో చాలామందికి ఫజ్ర్ అజాన్ వినగానే చేయి ముందు ఫోను మీదికే పోతోంది. నిన్నటి ఫోటోకు ఎన్ని లైకులు వచ్చాయన్నదే ఆరాటం.

దివ్య ఖుర్‌ఆన్‌లోని 102వ సూరా పేరు ‘తకాసుర్’. అంటే, ఇతరులకంటే ఎక్కువ కావాలనే పోటీ. సమాధికి చేరేదాకా ఈ పోటీ మనిషిని ఏమరుపాటులో ఉంచుతుందని ఆ సూరా హెచ్చరిస్తోంది. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్‌ను నిషేధించారు. ఎందరో ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న ఫాలోవర్ల లెక్క ఒక్కసారిగా అక్కరకు రాకుండా పోయింది. కర్మల చిట్టా అలా చెరిగిపోయేది కాదు.

ఇషా నమాజు తర్వాత కబుర్లతో కాలక్షేపం చేయడం దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదు (బుఖారీ). కనుక ఇషా తర్వాత ఫోను పక్కన పెడదాం. ఆ సమయాన్ని ఇంటివారికీ, ఖుర్‌ఆన్ పారాయణానికీ, నిద్రకూ ఇద్దాం. మనశ్శాంతి దైవస్మరణలోనే ఉంది. చూపు, సమయం అల్లాహ్ అనుగ్రహాలు. రేపు వాటి గురించే మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది.