బకెట్ నిండేలోపు సరళీ వరుస

మన క్యాంపస్‌లో ఎవర్ని అడిగినా "మ్యూజిక్ అంటే ప్రాణం" అంటారు. హాబీస్ కాలమ్‌లో అందరం అదే రాశాం కదా! ఆ ప్రాణం ఎక్కువగా ఇయర్‌ఫోన్స్‌లోనే ఉంటుంది. ఈ వ్యాసం మాత్రం సొంత గొంతుతో రోజూ కాస్త పాడుకోవడం గురించి. స్టేజీ ఎక్కే ఉద్దేశం లేనివాళ్లకి కూడా పనికొస్తుంది.

నేను పదో తరగతి దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. గీతాలు అయ్యి వర్ణాలు మొదలయ్యే టైంకి ఇంటర్ వచ్చింది. ఆ రెండేళ్లూ స్టడీ అవర్స్, వీక్లీ టెస్టులు. కూనిరాగం తీసినా వార్డెన్ తలుపు కొట్టేవారు. బీటెక్‌లో చేరాక గొంతు విప్పి చూస్తే పై షడ్జం అందలేదు. "ఇంక టైం ఎక్కడుందిలే" అని ఇంట్లో కూడా అనేశారు. రోజుకి గంట సాధన అంటే నిజంగానే టైం లేదు, ల్యాబ్ రికార్డులు రాసేవాళ్లకి తెలుసు.

అయితే మా అమ్మమ్మకి మాత్రం పాటకని వేరే టైం ఎప్పుడుంది? బియ్యం ఏరుతూ మంగళహారతి, మనవల్ని ఊపుతూ లాలిపాట. వరినాట్లలో ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు, పాట నడకతోనే చేతులూ నడుస్తాయి. విజయవాడ రేడియో భక్తిరంజని వినేది కూడా పొద్దున్న పనుల మధ్యే. అందుకని నేను టైం వెతకడం మానేసి, ఎలాగూ చేసే పనులకి ఒక్కో పాఠం కట్టేశాను.

పొద్దున్న బకెట్‌కి సరళీ వరుస. మొదటి వరుస మాయామాళవగౌళ రాగంలో స రి గ మ ప ద ని స, మళ్లీ కిందికి. ఈ తొలి పాఠాలు ఏర్పరచింది పురందరదాసు అని సంప్రదాయం చెబుతుంది. ఈ రాగాన్నే ఎందుకు పెట్టారా అని ఒకసారి స్వరస్థానాల మధ్య దూరాలు లెక్కేశాను: 1, 3, 1, 2, 1, 3, 1. వెనక్కి చదివినా అదే, మన సి ల్యాబ్ పాలిండ్రోమ్‌లాగా! సరిగమలో ఉన్న దూరాలే పదనిసలో ఉన్నాయి. కింద సగం గొంతుకి పట్టుబడితే పై సగానికి దారి తెలిసినట్టే.

తాళం ఆది. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ, చెయ్యి తిప్పడం, మళ్లీ దెబ్బ, తిప్పడం. మొత్తం 8. దెబ్బకి ఒక సెకను అనుకుంటే ఒకటో కాలంలో ఎక్కి దిగడానికి 16 సెకన్లు, రెండో కాలంలో 8. మూడో కాలంలో అదే 8 సెకన్లలో రెండుసార్లు పాడాలి. మొత్తం 32 సెకన్లు. మా కుళాయి కింద బకెట్ నిండటానికి రెండు నిమిషాల పైనే పడుతుంది, అంటే నాలుగు వరుసలు. ముందు ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి శ్రుతి చూసుకోండి. నాది ఐదున్నర. అబ్బాయిలకి ఒకటి దగ్గర హాయిగా ఉంటుంది. సినిమా పాట శ్రుతిలోనే పాడాలని గొంతు చించుకోకండి.

హాస్టల్ నుంచి బ్లాక్‌కి నడిచేటప్పుడు తాళం. అడుగుకి ఒక అక్షరం చొప్పున ఆది తాళం వేస్తే మొదటి దెబ్బ ఎప్పుడూ ఒకే కాలి మీద పడుతుంది. మిశ్ర చాపు వేసి చూడండి: 3, 4 కలిపి 7. మొదటి దెబ్బ ఒకసారి ఎడమ కాలికి, తర్వాతిసారి కుడి కాలికి! మొదటి వారం నేను మెట్ల దగ్గర తడబడ్డాను. అలవాటయ్యాక నోటితో మిశ్ర చాపు, చేత్తో ఆది తాళం ప్రయత్నించండి. రెండూ కలిసేది 56వ అక్షరం దగ్గర. కసాగు అంతే, కానీ కాగితం మీద కట్టడం వేరు, ఆ 56 దగ్గరికి తప్పకుండా చేరడం వేరు.

మెస్ క్యూకి మేళకర్తలు. 17వ శతాబ్దంలో వెంకటమఖి 'చతుర్దండి ప్రకాశిక'లో చెప్పిన 72 మేళాల లెక్క చూస్తే, ఈయన మన బ్రాంచేనా అనిపిస్తుంది. మధ్యమాలు 2, రిషభ గాంధారాల జతలు 6, ధైవత నిషాదాల జతలు 6. గుణిస్తే 72. రాగం సంఖ్య దాని పేరులోనే దాచారు, కటపయాది పద్ధతిలో. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ట నుంచి ధ దాకా కూడా అంతే, ప నుంచి మ దాకా 1 నుంచి 5, య నుంచి హ దాకా 1 నుంచి 8. ఞ, న సున్నాలు. మాయామాళవగౌళలో మా అంటే 5, యా అంటే 1. తిరగేస్తే 15. అందులో 1 తీసేస్తే 14. అది 36 కంటే తక్కువ కాబట్టి శుద్ధ మధ్యమం. 14ని 6తో భాగిస్తే భాగఫలం 2, శేషం 2. సున్నా నుంచి లెక్కపెడితే రెండు వైపులా మూడో జత: శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. అచ్చం అరే ఇండెక్సే!

కల్యాణికి ముందు 'మేచ' తగిలించింది కూడా ఈ లెక్క కోసమే. మే 5, చ 6, తిరగేస్తే 65. ఇక్కడే నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాళ్లకి చిక్కు. ఙ తర్వాత ఏముందో గుర్తులేకపోతే చ ఆరో అక్షరమని తెలియదు. సెకండ్ లాంగ్వేజ్ మార్కుల కోసం బట్టీపట్టి వదిలేసిన అక్షరమాలని నేను మళ్లీ వరసగా చెప్పుకున్నది మెస్ క్యూలోనే. ఒత్తులున్న పేర్లలో కొన్ని మెలికలున్నాయి, ఇప్పుడు వాటి జోలికి వద్దు.

పై షడ్జం ఈ మధ్యే అందింది, బాత్రూంలో మాత్రమే. బయట ఇంకా బెదురుతోంది. ఈసారి క్యూలో మీరు హేమవతి కట్టి చూడండి. సంఖ్య, మధ్యమం, రెండు జతలు. పెన్ను తీయకూడదు.