కోర్టు మాటలు తెలుసుకుందాం



నేను ఇంటర్ చదివే రోజుల్లో మా వాడలో ఒక అన్నను సైకిల్ దొంగతనం కేసులో స్టేషన్‌కు తీసుకుపోయారు. తెల్లారేసరికి వాడంతా ఆయన్ను 'దొంగ' అనేసింది. రెండేళ్ళకు కోర్టు కేసు కొట్టేసింది గాని, ఆ పేరు మాత్రం పోలేదు. నిందితుడు వేరు, దోషి వేరు. నేరం చేశాడని ఆరోపణ ఉన్నవాడు నిందితుడు, కోర్టు భాషలో ముద్దాయి. సాక్ష్యం విని జడ్జి నేరం రుజువైందని తీర్పు చెప్పాకే దోషి.

మన పెద్దలు మోసగాణ్ణి 'ఫోర్ ట్వంటీ' అంటారు. అది 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని సెక్షన్ నంబరు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇప్పుడు మోసానికి 318(4), హత్యకు శిక్ష చెప్పే 302కు బదులు 103. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు మాత్రం పాత సెక్షన్లే. తిట్టు మాత్రం మారుతుందని నేననుకోను!

దొంగతనం, దోపిడీ ఒకటే అనుకుంటాం. బస్టాండులో మీకు తెలియకుండా జేబులోంచి ఫోన్ తీస్తే దొంగతనం. చేతిలోంచి గుంజుకొని ఉరికితే స్నాచింగ్, ఇది కొత్త చట్టంలో విడిగా చేర్చిన నేరం. కత్తి చూపి అక్కడికక్కడే లాక్కుంటే దోపిడీ. దోపిడీలో ఐదుగురు, అంతకు మించి ఉంటే బందిపోటు దోపిడీ. ఫోటోలు బయటపెడతానని బెదిరించి డబ్బు రాబడితే అది బలవంతపు వసూలు. ఇంకో కొత్త సంగతి: 5,000 రూపాయల లోపు సొత్తు దొంగిలించి మొదటిసారి దోషిగా తేలినవాడు ఆ సొత్తు తిరిగి ఇచ్చేస్తే, జైలుకు బదులు సమాజ సేవ శిక్షగా వేస్తారు.

ఫిర్యాదు రాసి ఇచ్చి వస్తే ఎఫ్.ఐ.ఆర్. అయిపోయిందనుకోకండి. స్టేషన్‌లో నమోదు చేసి, నంబరు వేసి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. తీసుకోకపోతే పై అధికారికి పోస్టులో పంపవచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు ఉన్నారు. అరెస్టు చేస్తే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నాన్ బెయిలబుల్ అంటే బెయిలే రాదని కాదు. ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చూస్తుంది, అంతే. దర్యాప్తు ముగిశాక పోలీసులు కోర్టులో వేసేది చార్జిషీటు.

ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్ళ వరకు జైలు వేయగలరు. హత్య లాంటివి సెషన్స్ కోర్టుకు పోతాయి. ఉరిశిక్ష వేస్తే హైకోర్టు ఖాయం చేయాలి. 2022లో మంచిర్యాలకు సొంత జిల్లా కోర్టు వచ్చింది, అంతకుముందు జిల్లా కోర్టంటే ఆదిలాబాదే.

మీలో చాలామంది 18 ఏళ్ళ లోపు వారు. మిమ్మల్ని లాకప్‌లో గాని, జైల్లో గాని పెట్టకూడదు. బాల నేరాల బోర్డు ముందుకు తీసుకుపోవాలి. వకీలుకు డబ్బుల్లేవని ఇంట్లో భయపడితే 15100కు ఫోన్ చేయమనండి. ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు, మన గని కార్మికుల్లాంటి పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

రేపు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చినా, ఇంకేది వచ్చినా వెరిఫికేషన్ ఫారంలో కేసుల గురించి అడుగుతారు. అడిగింది ఉన్నదున్నట్టు రాయండి. దాచినందుకే ఉద్యోగం పోవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా వాడ అన్న ఫారంలో నిజమే రాశాడు, తీర్పు నకలు జతచేశాడు. ఉద్యోగం వచ్చింది. ఆ నకలు ఇంకొకటి ఇప్పటికీ ఆయన ట్రంకు పెట్టెలో ఉంది.