గతుకుల రోడ్డుకు మెత్తటి స్ప్రింగులే మేలు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. మొదటి తరం మాజ్డా ఎమ్‌ఎక్స్-5 కొన్నాను. పల్లె రోడ్ల మీద ఎగిరెగిరి పడుతోంది. ఎత్తు తగ్గించి గట్టి స్ప్రింగులు వేయిస్తే రోడ్డును పట్టుకుంటుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నున్నటి రేస్ ట్రాక్ మీద నిజమే. మీ రోడ్ల మీద కాదు, దయచేసి ఆ పని చేయించకండి. మీ కారు బరువు దాదాపు టన్నే. గట్టి స్ప్రింగు గతుకు తగిలితే అంతగా నొక్కుకోదు, తేలికపాటి బాడీనే పైకి తోస్తుంది. టైరు క్షణంపాటు రోడ్డును వదిలేస్తుంది. మలుపులో ఆ క్షణమే ప్రమాదం. పైగా ఈ కారులో, ముఖ్యంగా వెనక, సస్పెన్షన్ పైకి కదిలే చోటు తక్కువ. ఎత్తు తగ్గిస్తే చిన్న గుంటకే బంప్‌స్టాప్‌కు, అంటే సస్పెన్షన్ కదలికను చివర్లో ఆపే ఫోమ్ దిమ్మెకు, కొట్టుకుంటుంది.

చక్రాల సైజు చూడండి. కంపెనీ తొలుత ఇచ్చినవి 14 అంగుళాలవి. పాత యజమాని 17 అంగుళాలవి బిగించి ఉంటే కుదుపు పెరగక మానదు. షాక్ అబ్సార్బర్ రాడ్డు దగ్గర నూనె కారుతున్నా, బంప్‌స్టాప్ ఫోమ్ వేలితో నొక్కితే పొడిగా రాలుతున్నా మార్చాల్సిందే. ఒరిజినల్ స్ప్రింగులే ఉంచి, వాటికి సరిపడే మంచి షాకులు వేయించండి. మెత్తదనం స్ప్రింగులో ఉండాలి, అదుపు షాకులో ఉండాలి. మలుపులో కారు కాస్త ఒరుగుతుంది, ఒరగనివ్వండి.

వీటన్నిటికంటే ముందు టైర్లలో గాలి చూసుకోండి. 14 అంగుళాల చక్రాలకు మాజ్డా చెప్పింది 26 పీఎస్‌ఐ మాత్రమే.