కనబడని పాచికను నమ్మడమెలా?

మీరు వైకుంఠపాళి ఆడే ఉంటారు. పెద్దపాము నోటికి రెండు గళ్ళ దూరంలో ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టి పాచిక వేస్తారు. అది దొర్లి ఆగేదాకా అందరి కళ్ళూ దానిమీదే. ఎంత పడిందో ఎవరూ చెప్పనక్కరలేదు, అందరికీ కనబడుతూనే ఉంటుంది. మరి, పాచిక వేసేవారు ఒక ఊళ్ళోనూ, మిగిలినవారు మరొక ఊళ్ళోనూ ఉంటే?

మా తరగతి పిల్లలిద్దరికి ఈ చిక్కు నిజంగానే వచ్చింది. ఒకడి తండ్రికి బదిలీ అయి, ఆ కుటుంబం దూరప్రాంతానికి వెళ్ళిపోయింది. అయినా స్నేహితులిద్దరూ ప్రతి ఆదివారం ఫోనులో ఒక కథల ఆట ఆడుకునేవారు. అది బొమ్మలు కనబడని మామూలు ఫోను. ఒకనాడు దూరాన ఉన్న పిల్లవాడు ఇరవై ముఖాల పాచిక వేసి, వరుసగా మూడుసార్లు “ఇరవై పడింది” అన్నాడు. “అబద్ధం!” అన్నాడు ఇవతలివాడు. అంతే, నెల రోజులు మాటలు లేవు.

ఆ ఆట ఏమిటో ముందు చెబుతాను. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు “డంజన్స్ అండ్ డ్రాగన్స్” అనే ఆటను తయారుచేసి ప్రచురించారు. ఇందులో ఒకరు కథ నడుపుతారు. తక్కినవారిలో ఒకరు వీరుడు, ఒకరు మాంత్రికుడు, ఇలా తలా ఒక పాత్ర తీసుకుంటారు. “ఎదుట చీకటి గుహ ఉంది. లోపలినుంచి గుర్రు వినబడుతోంది. ఏం చేస్తావు?” అని కథ నడిపేవారు అడుగుతారు. “గోడ పట్టుకుని మెల్లగా దాటిపోతాను” అంటాడు వీరుడు. దాటాడా, కాలు జారి పడ్డాడా? అది పాచిక తేలుస్తుంది.

ఈ ఆటలో 4, 6, 8, 12, 20 ముఖాల పాచికలు వాడతారు. ముఖాలన్నీ ఒకేరకం క్రమ బహుభుజులై, ప్రతి మూల వద్ద సమాన సంఖ్యలో కలిసే కుంభాకార ఘనరూపాలు ఈ అయిదే ఉన్నాయని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ నిరూపించాడు. ఇవి కాక పది ముఖాల పాచిక కూడా వాడతారు.

ఆటంతా దాదాపు మాటల్లోనే సాగుతుంది కాబట్టి దూరం పెద్ద అడ్డు కాదు. 2012లో వచ్చిన రోల్20 వంటి ఏర్పాట్ల ద్వారా, వేరువేరు దేశాల్లో ఉన్నవారు సైతం ఇంటర్నెట్‌లో కలిసి ఆడుతున్నారు. అక్కడ పాచికను కంప్యూటరే వేస్తుంది. అప్పుడు స్నేహితుడికి బదులు కంప్యూటరును నమ్మాలి. ఎవరినీ నమ్మనక్కరలేని మార్గం ఏదైనా ఉందా?

ముందు ఆ మూడు ఇరవైల సంగతి చూద్దాం. ఒకసారి ఇరవై పడే అవకాశం 20లో ఒకటవ వంతు. వరుసగా మూడుసార్లు పడే అవకాశం 20 × 20 × 20, అంటే 8000లో ఒకటవ వంతు. చాలా అరుదు! కాని 7, 13, 2 అనే అంకెలు అదే వరుసలో పడే అవకాశమూ సరిగ్గా అంతే. అవి పడితే మనం ఎవరినీ అనుమానించం. కనుక అరుదుగా జరిగినంత మాత్రాన అది అబద్ధమని రుజువు కాదు.

ఇక అసలు మార్గం. ఫోనులో నాణెం ఎగరవేయడం ఎలాగో 1981లో మాన్యుయెల్ బ్లమ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చూపించాడు. విడిపోయిన దంపతులు వేరువేరు ఊళ్ళలో ఉన్నారు, కారు ఎవరిదో నాణెం వేసి తేల్చుకోవాలి అన్నది ఆయన తీసుకున్న ఉదాహరణ. ఆయన పద్ధతి కొంచెం కష్టం. ఆ ఆలోచననే మన తరగతి లెక్కలతో ఆరు ముఖాల పాచికకు అన్వయిద్దాం.

పాచికను ఇద్దరూ కలిసి వేయాలి. మీరు 1 నుంచి 6 లోపు ఒక అంకె అనుకోండి, మీ స్నేహితుడూ ఒకటి అనుకుంటాడు. రెండూ కూడండి. మొత్తం 6 దాటితే 6 తీసివేయండి. అదే పాచిక పందెం. మీ అంకె 4 అనుకుందాం. స్నేహితుడు 1, 2, 3, 4, 5, 6 అంటే ఫలితాలు వరుసగా 5, 6, 1, 2, 3, 4. చూశారా! ఆరు అంకెలూ ఒక్కొక్కసారి వచ్చాయి. అందువల్ల ఇద్దరిలో ఒక్కరు ఏ ఉద్దేశమూ లేకుండా అంకె ఎంచుకున్నా చాలు, పందెం న్యాయమైనదే.

అయితే ముందు ఎవరు చెప్పాలి? రెండోవాడు మొదటి అంకె విని తనకు కావలసినది చెప్పవచ్చు కదా! కాబట్టి మొదటి అంకెకు తాళం వేసి పంపాలి. ఆ తాళమే ప్రధాన సంఖ్యలు.

11 నుంచి 97 వరకు 21 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. వాటిలో వేరువేరుగా రెండు ఎంచుకోండి: 53, 83 అనుకుందాం. చిన్నదానిని 7తో భాగిస్తే వచ్చే శేషమే మీ అంకె. 53లో 49 పోగా 4. శేషం ఎన్నడూ సున్నా రాదు, ఎందుకంటే 7తో నిశ్శేషంగా భాగింపబడే ప్రధాన సంఖ్య 7 ఒక్కటే. ఇప్పుడు రెండింటి లబ్ధం 4399 మాత్రం స్నేహితుడికి చెప్పండి. అతడు వెంటనే తన అంకె చెప్పాలి. 5 అన్నాడనుకోండి. అప్పుడు మీరు 53, 83 అని బయటపెట్టండి. అతడు గుణించి సరిచూసుకుంటాడు. 4 + 5 = 9, 9 – 6 = 3. పాచిక మూడు!

మీరు మధ్యలో మాట మార్చగలరా? లేదు. 4399ని రెండు ప్రధాన సంఖ్యల లబ్ధంగా 53 × 83 అని తప్ప ఇంకోలా రాయలేం. అతడు తాళం విప్పగలడా? ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగిస్తూ పోవాలి, దానికి సమయం పడుతుంది. కంప్యూటరుకైతే ఇది క్షణంలో పని. అందుకే కంప్యూటర్ల తాళాలకు వందల అంకెల సంఖ్యలు కావాలి. 250 అంకెలున్న ఒక సంఖ్యను 2020లో అనేక కంప్యూటర్లు కలిసి విడగొట్టాయి. ఆ పని ఒకే ప్రాసెసరు చేస్తే సుమారు 2700 సంవత్సరాలు పడుతుందని లెక్క.

ఈ పద్ధతి నేర్చుకున్నాక మా పిల్లలిద్దరూ మళ్ళీ ఆట మొదలుపెట్టారు. ఆనాటి మూడు ఇరవైలు నిజమా కాదా అని నన్నడిగారు. అది ఏ లెక్కా ఇప్పుడు తేల్చలేదని చెప్పాను. ముందే ఒప్పుకున్న పద్ధతి ఉంటేనే తరువాత సరిచూడగలం. అది లేనప్పుడు స్నేహితుడి మాటే మిగులుతుంది. ఇవతలివాడు కాసేపు ఆలోచించి, “పడే ఉంటాయిలే” అన్నాడు.

మరుసటి వారం ఇద్దరూ కొత్త ప్రశ్నతో వచ్చారు. దానిని మీకూ ఇస్తున్నాను.  ఇరవై ముఖాల పాచికకు 7 బదులు 21తో భాగిస్తే 3, 7 వంటి కొన్ని శేషాలు మన 21 ప్రధాన సంఖ్యల్లో దేనికీ రావు. ఎందుకు? కాగితం మీద చేసి చూడండి.