బలపాలు తినేవాళ్ళ క్లిక్కులకి మా బాబాయ్ డబ్బులు

మాది దర్శి. మా బాబాయ్‌ది మార్కాపురంలో పలకరాయి వ్యాపారం. మన చిన్నప్పటి రాతిపలకలకి మార్కాపురం పెట్టింది పేరు కదా, బాబాయ్ అదే రాయిని గోడలకీ నేలకీ వేసే టైల్స్‌గా కోయించి అమ్ముతాడు. పోయిన సెలవుల్లో ఆయనకొక వెబ్‌సైట్ చేసిచ్చా. నెల దాటినా ఒక్క ఫోనూ రాలేదు. "సైట్ పెడితే ఆర్డర్లు వస్తాయంటివి, ఏందిరా ఇది?" అన్నాడు. నాకు రోషమొచ్చింది. గూగుల్ యాడ్స్ వేద్దామని చెప్పి ఆయన దగ్గర 2,000 తీసుకున్నా.

ముందు బేసిక్స్. సెర్చ్‌లో కనపడటానికి రెండు దారులు. పేజీలో పనికొచ్చే విషయం రాసి, సైట్ త్వరగా తెరుచుకునేట్టు చేసి మెల్లగా పైకి రావడం ఎస్‌ఈఓ. గూగుల్‌కి పైసా కట్టక్కర్లేదు, కానీ నెలలు పడుతుంది. రెండోది డబ్బు కట్టి యాడ్ వేయడం. యాడ్ కనపడినందుకు కాదు, ఎవరైనా క్లిక్ చేస్తేనే డబ్బు పోతుంది. ఈ పద్ధతిని 1998లో గోటూ.కామ్ మొదలుపెట్టింది, గూగుల్ 2002లో అందుకుంది.

ఎవరి యాడ్ పైన రావాలో ప్రతి సెర్చ్‌కీ అప్పటికప్పుడు వేలం జరుగుతుంది. వేలం అంటే మనవైపు పొదిలి పొగాకు వేలం కేంద్రమే గుర్తొస్తుంది. అక్కడ ఎవరు ఎక్కువ పాడితే బేలు వాళ్ళది. గూగుల్ మాత్రం పాటతో పాటు యాడ్ నాణ్యత కూడా చూస్తుంది: వెతికిన మాటకి యాడ్ సరిపోతుందా, జనం క్లిక్ చేస్తారా, క్లిక్ చేశాక వచ్చే పేజీ పనికొచ్చేదేనా అని. అందుకే తక్కువ పాడిన చిన్న కొట్టు కూడా ఒక్కోసారి పెద్ద కంపెనీ పైన కనిపిస్తుంది.

ఇదంతా చదివే దిగాను. అయినా బోల్తా పడ్డాను. రోజుకి 300 బడ్జెట్ పెడితే మొదటిరోజే 540 పోయింది. ఒక రోజులో బడ్జెట్‌కి రెట్టింపు దాకా ఖర్చు పెట్టే వీలు గూగుల్‌కి ఉంటుందట, నెల మొత్తం మీద సర్దుతుందట. మూడు రోజుల్లో 1,140 హాంఫట్. ఫోన్లు సున్నా.

అప్పుడు తెరిచా 'సెర్చ్ టర్మ్స్' రిపోర్టు. అసలు మొదటిరోజే తెరవాల్సింది. జనం ఏం టైప్ చేసి మన యాడ్ నొక్కారో అందులో ఉంటుంది. నేనిచ్చిన కీవర్డ్ 'స్లేట్' అనే ఒక్క ముక్క, అదీ బ్రాడ్ మ్యాచ్‌లో. వచ్చినవాళ్ళేమో పిల్లల పలక ధర, ఎల్‌సీడీ స్లేట్ అని వెతికినవాళ్ళు. ఇంకొందరు తినడానికి స్లేట్ పెన్సిళ్ళు వెతుక్కుంటూ వచ్చారు! (బలపాలు తినేవాళ్ళు మన క్లాసులోనూ ఉండేవాళ్ళు, ఒప్పుకోండి.) బాబాయ్‌కి చూపిస్తే ముందు నవ్వాడు, తర్వాత లెక్కేసుకుని మూతి ముడిచాడు.

మిగిలిన 860తో మళ్ళీ మొదలుపెట్టా. ఈసారి "మీకు ఫోన్ చేసేవాళ్ళు ఏమని అడుగుతారు?" అని బాబాయ్‌నే అడిగా. 'స్లేట్ స్టోన్ టైల్స్', 'ఎలివేషన్ స్టోన్', 'మార్కాపూర్ స్టోన్' అన్నాడు. మనం మార్కాపురం అంటాం, బయటివాళ్ళు మార్కాపూర్ అని కొడతారు. రెండూ పెట్టా. వాటిని కొటేషన్ మార్కుల్లో రాస్తే ఫ్రేజ్ మ్యాచ్, అంటే ఆ అర్థం ఉన్న సెర్చ్‌లకే యాడ్ వస్తుంది. స్కూల్, పెన్సిల్, కిడ్స్, ఎల్‌సీడీ, ఈటింగ్ అన్నవి నెగటివ్ కీవర్డ్స్‌లో పడేశా. లొకేషన్‌లో మనం రెండు రాష్ట్రాలు ఎంచుకున్నా, వాటి మీద 'ఆసక్తి' ఉన్న వేరే ఊళ్ళవాళ్ళకీ చూపించడం డిఫాల్ట్‌గా ఉంటుంది. దాన్ని 'ప్రెజెన్స్'కి మార్చా. బడ్జెట్ రోజుకి 150.

ఆరు రోజుల్లో రెండు ఫోన్లు. ఒకాయనకి బడికి పలకలు కావాలట, బాబాయ్ తెలిసిన కొట్టు నంబరిచ్చాడు. రెండో ఫోన్ హైదరాబాద్ నుంచి, ఇల్లు కట్టుకుంటున్నాయన. "సైట్ అంతా చూశానండీ, చదరపు అడుగు ఎంతో ఎక్కడా లేదే?" అన్నాడు. నిజమే, నేను పెట్టలేదు. బాబాయ్ రేటు చెప్పి, శాంపిల్ రాళ్ళు పార్సిల్ చేశాడు.

ఆ రాత్రే రేట్ల పేజీ తయారుచేశా. యాడ్ నొక్కితే ఇప్పుడు నేరుగా అదే తెరుచుకుంటుంది. హైదరాబాద్ ఆయన ఇంకా ఏ సంగతీ చెప్పలేదు. బాబాయ్ మాత్రం ఇంకో 1,000 ఇచ్చాడు, "రిపోర్టు రోజూ నాకు వాట్సాప్ చెయ్" అన్న షరతు మీద.