కౌన్సెలింగ్ గదిలో దేవుడు

అమ్మలూ,

"మీరు దేవుణ్ణి నమ్ముతారా మేడమ్?" అని కౌన్సెలింగ్‌కి వచ్చిన ఒకావిడ అడిగితే ఏం చెప్పాలో తోచలేదని రాశావు. అవునన్నా కాదన్నా మాట నీ మీదికి మళ్లిపోతుంది. "ఎందుకడిగారమ్మా?" అని మెల్లగా అడిగి చూడు. చాలాసార్లు ఆ ప్రశ్న వెనక "నేను చెప్పేది విని నవ్వరు కదా" అన్న భయమే ఉంటుంది.

మన దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే తాయెత్తు కట్టించుకుని, ఏలినాటి శనికి శాంతి చేయించుకుని, దర్గాలో నిద్ర చేసి వచ్చినవాళ్లే. మొదటి రోజే అవన్నీ అడిగి రాసుకో. ఎగతాళి చేశావా, ఇక నీ దగ్గర దాచేస్తారు. పూనకం అనగానే సైకోసిస్ అని రాసెయ్యకు. ఒకరి మతాన్ని బట్టి గానీ, చుట్టుపక్కల నమ్మకాలతో పొసగలేదని గానీ జబ్బు అంటగట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్లోనే ఉంది.

గుడికి వెళ్లొద్దనీ చెప్పకు. తమిళనాడులో ఒక గుళ్లో సగటున ఆరు వారాలున్న 31 మందికి జబ్బు లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గిందని 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వేసింది. అదే రాష్ట్రంలో, దర్గా ఉన్న ఏర్వాడిలో, 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. గుడైనా దర్గా అయినా నేను చూసేది ఒకటే: ఆ మనిషి తనంతట తాను ఉన్నాడా, వెళ్తానంటే పోనిస్తారా?

ఒక్క చోట మొహమాటపడకు. లిథియం వాడే కుర్రాడు అయ్యప్ప మాల వేసుకుని మందు ఆపేస్తానన్నా, రంజాన్‌లో పగలంతా నీళ్లు ముట్టనన్నా ఆ రోజే సైకియాట్రిస్టుకి ఫోన్ చెయ్యి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. తెల్లవారుజామున లేవడం వల్ల నిద్ర తగ్గినా బైపోలార్ తిరగబెట్టొచ్చు. మాల తియ్యమనే అధికారం నీకు లేదు, మందు మానొచ్చనే అధికారం అసలే లేదు. అతను ఒప్పుకుంటే గురుస్వామితోనో ఇమామ్‌తోనో మాట్లాడు. నీ మాట కంటే వాళ్ల మాట తొందరగా ఎక్కుతుంది.

ధ్యానం చేయించేముందు అదేమిటో, ఎందుకో చెప్పి సరేననిపించుకో. కొందరికి అది పరాయి పూజలా అనిపిస్తుంది. కాళ్లకి దండం పెట్టబోతే ఆపు. గురువు పీఠం మనకొద్దు. నీ స్వామీజీ ఫోటో కూడా ఇంట్లోనే ఉంచుకో, ఏమనుకోకు.

చిక్కు కేసులు సూపర్‌విజన్‌లో నీ సీనియర్ ముందు పెట్టు. నన్నూ అడుగు, కానీ పేరూ ఊరూ చెప్పకు. నువ్వు పనిచేసే చోట సగం మంది మన చుట్టాలే.

మీ అత్తయ్య