రిజిస్టర్ నేర్పిన గుండె పాఠాలు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సర్కారు దవాఖానల్లో నర్సుగా మొదలై, గుండె జబ్బుల మీద పరిశోధన చేస్తూ రిటైరయ్యాను. ఈ దారిలోకి వస్తున్న చెల్లెళ్లకు నేను చెప్పదలచుకున్నవి ఇవి.

1. బీపీ చూడటం చిన్న పని కాదు

ఆటో దిగి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టకండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. జాకెట్ చేతి మీద నుంచి పట్టీ కట్టకూడదు. రెండుసార్లు చూసి రాయండి. అంకె తప్పయితే పరిశోధనా తప్పే, చికిత్సా తప్పే.

2. మంచిగున్నప్పుడే మందు మానేస్తారు

"మంచిగనే ఉన్న గద సిస్టర్, గోళీలెందుకు?" జగిత్యాల వైపు బీడీలు చేసే అక్కలూ ఇదే అన్నారు, ఉట్నూరు వైపు పత్తి రైతులూ ఇదే అన్నారు. బీపీ ఉన్నా నొప్పి తెలియదు. గోళీ వేసుకోబట్టే మంచిగున్నారని ప్రతి నెలా ఓపిగ్గా చెప్పాలి. కోప్పడితే వచ్చే నెల రారు.

3. రాని మనిషి గురించి ఆరా తీయండి

2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందరికీ ఒకే చికిత్సా క్రమం, ఇంటికి దగ్గర్లో మందులు, రానివాళ్లకు కబురు: ఇంతే దాని పద్ధతి. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. నెలాఖరున రిజిస్టర్ తీసి రానివాళ్ల పేర్లు చూడండి. కూలి పోతుందనో, బస్సు లేదనో, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పైసలు పంపలేదనో కారణం తెలుస్తుంది. మన పరిశోధనకు ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి.

4. గుండె జబ్బు పట్నం జబ్బు కాదు

గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి కారణాలు అడిగి రాసుకున్నారు. 2006లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం దాదాపు మూడోవంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. కష్టపడి పనిచేసే ఒంటికి గుండెపోటు రాదనే నమ్మకాన్ని ముందు మనం వదిలిపెట్టాలి.

5. పిల్లల గొంతునొప్పిని తేలిగ్గా తీసుకోకండి

కొందరు పిల్లల్లో గొంతునొప్పి తర్వాత కీళ్ల నొప్పులతో జ్వరం వస్తుంది, అది గుండె కవాటాలను దెబ్బతీయవచ్చు. ఆ పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఏళ్ల తరబడి పడాలి. ఆశ్రమ పాఠశాలకు వేసవి సెలవులిస్తే పిల్ల గూడేనికి వెళ్తుంది, ఇంజెక్షన్ తప్పుతుంది. సెలవులకు ముందే ఆ ఊరి ఏఎన్ఎంకు తేదీ చెప్పి ఉంచండి.

6. గ్యాస్ అని ఇంట్లో పడుకోనివ్వకండి

ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చేతికి లాగడం కనిపిస్తే 108కి ఫోన్ చేయించండి. రోగి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇస్తే పనిచేస్తుంది, మొదటి గంటల్లో ఇస్తే గుండె కండరం ఎక్కువ దక్కుతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 300 కిలోమీటర్లు. అందుకే మొదటి చికిత్స మన జిల్లాలోనే అందాలి.

7. చూసింది రాయండి

డాక్టర్ కన్నా ఎక్కువసేపు రోగి పక్కన ఉండేది మనమే. మందు ఎవరు, ఎందుకు మానేశారో ముందుగా తెలిసేదీ మనకే. డ్యూటీ దిగేముందు నాలుగు వాక్యాలు రాసిపెట్టండి. ఏడాదికోసారి అవన్నీ ముందేసుకుని మీ డాక్టర్‌తో కూర్చోండి. మన జిల్లాల గుండె జబ్బుల గురించి మనం రాయాలి, ఈ పని ఇవాళే మొదలుపెట్టండి.